కోడి అంటే ఆవు



కార్తీకం వచ్చిందంటే మా అరకులోయలో పొద్దున ఎనిమిదైనా మంచు విడవదు. కిటికీ తెరిస్తే ఎదురుగా ఉండాల్సిన కొండ కనపడదు, దాని కింద పసుపు ఆరబోసినట్టు పూసే వలిస చేలు కూడా కనపడవు. అలాంటి ఒక పొద్దున మా బడి కంప్యూటర్ గదిలో ఏడో తరగతి పిల్లాడొకడు తెర ముందు కూర్చుని ఒక్కో మీటా వెతుక్కుంటూ నొక్కుతున్నాడు. తెర మీద నల్లటి కిటికీ ఒకటే ఉంది. దాన్ని టెర్మినల్ అంటారు. అందులో బొమ్మలు, రంగులు ఉండవు. మనం ఏ కమాండ్ రాస్తే ఆ పని చేసి ఊరుకుంటుంది. వాడు ఒక కమాండ్ రాశాడు, దాని పక్కన తెలుగులో ఒక వాక్యం రాశాడు, ఎంటర్ కొట్టాడు.

తెర మధ్యలో ఒక ఆవు వచ్చి నిలబడింది. బొమ్మ ఆవు. దాని మూతి పక్కన తెల్లటి బుడగ, ఆ బుడగలో వాడు రాసిన మాటలు: "ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా?"

గదిలో గోల ఆగిపోయింది. ఆ పక్క బెంచీ, ఈ పక్క బెంచీ, అందరూ లేచొచ్చి వాడి వెనక చేరారు. ఒకరికి బదులు ఇరవై మంది ఆ వాక్యాన్ని పైకి చదివారు. ఎనిమిదేళ్లుగా పిల్లలకు కంప్యూటర్ చెబుతున్నాను. తెర మీద వచ్చినదాన్ని నేను అడగకుండా వాళ్లంతట వాళ్లు పైకి చదవడం అదే మొదటిసారి చూశాను. ఈ పూట మీతో మాట్లాడాలనుకున్నది ఆ ఆవు గురించే.

ఆ ప్రోగ్రామ్ పేరు ఎక్స్‌కౌసే. దీనికి తల్లి లాంటిది మరొకటి ఉంది, కౌసే. 1999లో టోనీ మన్రో అనే ఆయన పెర్ల్ భాషలో రాశారు. అందులో బొమ్మంటూ ఉండదు. గీతలు, చుక్కలు, బ్రాకెట్లు, అక్షరాలు పేర్చి ఆవు ఆకారం తెస్తుంది. మన ఆడవాళ్లు చుక్కలు పెట్టి ముగ్గు తెచ్చినట్టే అనుకోండి. ఆ ఆవు టెర్మినల్ కిటికీలోనే ఉండిపోతుంది. తరవాత నిక్ గాసన్ అనే ప్రోగ్రామర్ అదే ఊహను పట్టుకుని, ఆవును ఆ నల్ల కిటికీలోంచి బయటికి తెచ్చి డెస్క్‌టాప్ మీద నిలబెట్టారు. అదే ఎక్స్‌కౌసే. మీరు ఏ పనిలో ఉన్నా, తెర మీద ఏది తెరిచి ఉన్నా, దాని పైకి ఆవు వచ్చి మాట చెప్పి వెళ్లిపోతుంది. మౌస్‌తో నొక్కితే వెంటనే పోతుంది, నొక్కకపోతే కాసేపు నిలబడి తనే పోతుంది. రెండూ ఉచితం. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న ఏ కంప్యూటర్‌లోనైనా నడుస్తాయి, పాతదైనా సరే.

దీనివల్ల ఉపయోగం ఏమిటని అడుగుతారు. ఆవు లెక్కలు చెయ్యదు, ఉత్తరాలు పంపదు, పాఠం చెప్పదు. మనం చెప్పమన్న మాట చెబుతుంది, అంతే. మా కొండల్లో ఆ ఒక్క పనికీ ఊళ్లో ఒక మనిషి ఉంటాడు. ఆయన్ని బారిక అంటారు. రేపు ఊరి పెద్ద దగ్గర కూటమి ఉందన్నా, పండగ ఫలానా రోజున మొదలవుతుందన్నా, ఎవరో ఆఫీసరు వస్తున్నారన్నా, పొద్దు వాలే వేళకు బారిక వీధి ఈ చివర నుంచి ఆ చివరదాకా నడుస్తూ గొంతెత్తి చెబుతాడు. పల్లపు ఊళ్లలో దండోరా వేసినట్టు. మాట బారికది కాదు, ఊరిది. కానీ బారిక చెప్పేదాకా అది ఊరి మాట అవదు.

మా పిల్లలకు ఈ ప్రోగ్రామ్ గురించి చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి పోలిక దొరకలేదు. "ఇది కంప్యూటర్‌లో బారికరా" అన్నాను. వాళ్లకు వెంటనే అర్థమైంది. కమాండ్ అంటే బారికకు మాట అప్పగించడం. ఎంటర్ కొట్టడం అంటే వెళ్లి చెప్పమనడం.

ఇంత తేలిగ్గా చెబుతున్నాను గానీ, ఆ ఆవు నోట తెలుగు పలికించడానికి మాకు నెల పట్టింది. ఆ నెలలో నేర్చుకున్నదే మీకు కొంచెం వివరంగా చెప్పాలి.

మాకు వచ్చిన కంప్యూటర్లు ఒకచోట వాడి తీసేసినవి. ఎవరో మంచి మనసుతోనే ఇచ్చారు. కానీ ఇచ్చేముందు వాటిలో తెలుగు ఉందా లేదా అని ఎవరూ చూడలేదు. మొదటిరోజు ఒక పాప తన పేరు తెలుగులో కొడితే వరసగా చదరపు డబ్బాలు వచ్చాయి. ఖాళీ డబ్బాలు. ఇంకోసారి కొట్టింది, మళ్లీ డబ్బాలే. ఆ పాప నా వైపు తిరిగి, "నేను తప్పు కొట్టినానా సార్?" అని అడిగింది. తప్పు ఆ పాపది కాదు. ఆ యంత్రంలో తెలుగు ఫాంట్ లేదు. కానీ పిల్లలు అలా అనుకోరు. యంత్రం తప్పు చెయ్యదని, తమకే రాదని అనుకుంటారు. బడికి రావడానికే కొండ దిగి నడిచొచ్చే పిల్లకు తన పేరు బదులు ఖాళీ డబ్బాలు చూపించడం చిన్న విషయం కాదు.

ఫాంట్ తెచ్చుకోవడానికి ఇంటర్నెట్ లేదు. విశాఖపట్నం వెళ్లినప్పుడు పెన్‌డ్రైవ్‌లో వేసుకొచ్చాను. అమెరికాలో ఉంటూ తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు తయారుచేసి ఉచితంగా ఇచ్చిన పోతన, వేమన ఫాంట్లు అందులో ఉన్నాయి. హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థలో చేరిన యువకులు లినక్స్‌ను తెలుగులోకి తేవడానికి ఏళ్ల తరబడి పనిచేశారు. ఇలాంటివాళ్ల పేర్లు పాఠ్యపుస్తకాల్లో ఉండవు. మా పిల్లలకు మాత్రం నేను చెబుతాను, ఈ అక్షరం నీ తెర మీదికి ఊరికే రాలేదు, ఎవరో కూర్చుని గీస్తే వచ్చింది అని.

ఫాంట్ వచ్చింది. ముందు పాత కౌసేతో ప్రయత్నించాం. అక్షరాలైతే వచ్చాయి గానీ బుడగ చుట్టూ గీత వంకరపోయింది. ఒక వైపు మాట గీత దాటి బయటికొస్తే, ఇంకో వైపు ఖాళీ మిగిలిపోయింది. ఎందుకలా అని పిల్లలు అడిగారు. ఆ జవాబు కోసం ఒక పీరియడ్ అంతా మా ఊరి పేరు మీదే కూర్చున్నాం.

అరకు. ఎన్ని అక్షరాలు? అ, ర, కు. మూడు అన్నారు పిల్లలు. నిజమే, మన చెవికి, మన కంటికి మూడే. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద కొట్టి చూడమన్నాను. షిఫ్ట్ పట్టుకుని అ, తరవాత ర, తరవాత క, తరవాత కొమ్ము. నాలుగు నొక్కులు. యంత్రం కూడా నాలుగనే లెక్కపెడుతుంది, ఎందుకంటే దానికి క వేరు, కొమ్ము వేరు. ఆ నాలుగింటినీ దాచుకోవడానికి ఒక్కోదానికి మూడేసి బైట్లు కావాలి. అంటే పన్నెండు. మనకు మూడు, వేళ్లకు నాలుగు, యంత్రం కడుపులో పన్నెండు. అదే ఊరి పేరు ఇంగ్లీషులో రాస్తే అక్షరాలు ఐదు, నొక్కులు ఐదు, బైట్లు ఐదు. టెర్మినల్ పుట్టింది అలాంటి భాషల కోసం. అది తెరను గళ్ల నోటు పుస్తకంలా చూస్తుంది. గడికొక అక్షరం, అన్ని గళ్లూ ఒకటే కొలత.

మన రాత అలా గళ్లలో ఇమిడేది కాదు. "స్త్రీ" అన్న మాట చూడండి. మనకు ఒకే ఒక్క అక్షరం. యంత్రానికి స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. మొత్తం ఆరు. ఆ ఆరింటినీ కలిపి, త వత్తును కిందికి, ర వత్తును పక్కకు, గుడిని పైకి సర్ది ఒక్క అక్షరంగా చూపించాలి. ఇంతా చేస్తే అది ఎన్ని గళ్ల వెడల్పు ఉంటుందో పాత ప్రోగ్రామ్‌కు అంతుపట్టదు. అందుకే గీత వంకరపోయింది.

ఇది చిన్న ప్రోగ్రాముల కష్టమే అనుకోకండి. 2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరం ఒకటి ప్రపంచమంతా ఐఫోన్లను కూలదోసిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. "జ్ఞా" అన్న అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పుతో ఉన్న సందేశం వస్తే చాలు, దాన్ని చూపించబోయి ఆ సందేశాల యాప్ ఆగిపోయేది. ఆపిల్ సంస్థ ఆ నెల 19న కొత్త సాఫ్ట్‌వేర్ ఇచ్చి సరిచేసింది. అప్పుడు పత్రికలు దీన్ని తెలుగు బాంబు అని రాశాయి. నాకు ఆ మాట నచ్చలేదు. అక్షరంలో తప్పేమీ లేదు. మనం వేల సార్లు రాసే అక్షరాన్ని అంత పెద్ద సంస్థ సరిగా పరీక్షించలేదు. తప్పు అక్కడుంది.

ఎక్స్‌కౌసే దగ్గర ఈ చిక్కు రాలేదు. కారణం ఏమిటంటే అది గళ్ల మీద ఆధారపడదు. బుడగలో అక్షరాలు రాసే పనిని పాంగో అనే వేరే ప్రోగ్రామ్‌కు అప్పగిస్తుంది. ముందు అక్షరాలన్నీ కూర్చి, ఆ వచ్చిన ఆకారం ఎంత వెడల్పో, ఎంత ఎత్తో కొలిచి, ఆ కొలతకు సరిపోయేలా బుడగ గీస్తుంది. మాటను బట్టి బుడగ అన్నమాట, బుడగను బట్టి మాట కాదు. పాంగో అన్న పేరు కూడా ముచ్చటైనది. గ్రీకులో పాన్ అంటే అన్నీ, జపాన్ భాషలో గో అంటే భాష. అన్ని భాషలూ అని అర్థం. అరకుకు జపాన్ మాట కొత్త కాదు లెండి. 1960ల్లో ఈ కొండల్ని తొలిచి వేసిన కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం, బైలడిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవు మీదుగా జపాన్ వెళ్లడానికి వేసిందే. మా పిల్లలు రోజూ ఆ గూడ్సు బండి చప్పుడు వింటూనే ఉంటారు.

అక్షరాలు చక్కబడ్డాయి. ఇంకో చిక్కు మిగిలింది. ఇది నేను ఊహించనిది. ఒక పిల్లాడు లేచి, "సార్, ఆవు ఎలిపోనాది. సగమే సదివినాను" అన్నాడు. వీడు చదవడంలో కొంచెం నెమ్మది, అందుకే అనుకున్నాను. తరవాత బాగా చదివే పిల్లలూ అదే మాట అన్నారు. కూర్చుని చూస్తే సంగతి తెలిసింది. ఆవు తెర మీద ఎంతసేపు ఉండాలన్నది ప్రోగ్రామ్ పదాలు లెక్కపెట్టి నిర్ణయిస్తుంది. పదానికి ఇంత సమయం అని. పదాలు ఎక్కువైతే ఎక్కువసేపు, తక్కువైతే తక్కువసేపు. ఇంగ్లీషుకు ఆ లెక్క బాగానే ఉంటుంది. తెలుగుకు సరిపోదు. "వానొచ్చేలా ఉంది, ఆరేసిన బట్టలు తీసేయండి." ఐదు పదాలు. ఇదే ఇంగ్లీషులో చెప్పాలంటే పది దాటొచ్చు. మనం ఒక్క పదంలో నాలుగు మాటలు కలిపేస్తాం. విభక్తులు, క్రియలు, సంధులు అన్నీ దానికే అంటుకుని ఉంటాయి. ప్రోగ్రామ్‌కు అది ఒక్క పదమే. అందుకని ఐదు పదాల సమయం ఇచ్చి ఆవును తోలేస్తోంది.

పిల్లవాడు నెమ్మది అనుకున్నందుకు నాకు బాధ వేసింది. కొలబద్ద మన భాషది కాకపోతే తప్పు మన పిల్లల మీద పడుతుంది. దీనికి మందు సులువే. కమాండ్‌లోనే ఇన్ని సెకన్లు ఉండమని చెప్పొచ్చు, లేదా పదానికి ఇచ్చే సమయాన్ని పెంచొచ్చు. పెంచాం. ఇప్పుడు ఆవు తొందరపడదు.

ఇక ఈ ప్రసంగానికి పేరుగా పెట్టిన మాట దగ్గరికి వస్తాను.

ఆవు బొమ్మ పక్కన తమ ఇష్టం వచ్చిన ఒక మాట రాయమన్నాను ఒకరోజు. కువి అనే గిరిజన భాష మాట్లాడే ఊరి నుంచి వచ్చిన పాప ఒకతె ఉంది. తరగతిలో పెద్దగా నోరు విప్పదు. ఆ పాప తెర మీద ఆవు వచ్చింది, బుడగలో "కోడి" అని ఉంది. పక్కవాళ్లు పకపకా నవ్వారు. "సార్, ఆవుకి కోడి అని పేరెట్టినాది" అన్నాడొకడు. ఆ పాప తల దించుకుంది. దగ్గరికెళ్లి, ఏమ్మా, ఎందుకలా రాశావు అని అడిగాను. చాలాసేపటికి, వినపడీ వినపడనట్టు అంది: "మా బాసలో ఆవుని కోడి అంటాం సార్."

నవ్వు ఆగింది. వెంటనే ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లాడు లేచి, "మేం గాయ్ అంటాం" అన్నాడు. ఇంకొకరు ఇంకొకటి చెప్పారు. ఒక్క గదిలో, ఒక్క ఆవుకు, ఇన్ని పేర్లు ఉన్నాయని నాకు ఆ రోజే తెలిసింది. ఇన్నేళ్లుగా అదే గదిలో పాఠం చెబుతున్నాను.

ఇంటికెళ్లి పుస్తకాలు తిరగేశాను. కువి, కొండ, కూయి మూడూ తెలుగుకు చుట్టాలే, ద్రావిడ భాషలే. వాటిలో ఆవును కోడి అనే అంటారు. మన తెలుగులో కోడె అంటే పడుచు గిత్త. కోడెదూడ అంటాం కదా, ఆ కోడె. ఒక్క మాటే ఈ ఇంట ఆవైంది, ఆ ఇంట గిత్త అయింది. మన కోడిపుంజు కోడికీ దానికీ సంబంధం లేదు. పేరు కలిసిందంతే. భద్రిరాజు కృష్ణమూర్తి గారు కొండ భాషను, అంటే కొండదొరల మాటను, పరిశోధించి 1969లో పుస్తకం వెలువరించారు. అంతకు ముందు గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం బళ్లు పెట్టించి, 1931లో ఆ భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు ఇచ్చారు. ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకునేది ఆయన పుట్టినరోజునే. తెలుగు కోసం అంత పోరాడిన మనిషి సగం జీవితం సవర భాష కోసం ఖర్చుపెట్టారన్న సంగతి ఆ రోజున మనం కొంచెం ఎక్కువ చెప్పుకోవాలని నా మనవి.

2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 8 గిరిజన భాషల్లో చిన్న తరగతుల పాఠాలు మొదలయ్యాయి. సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కోలామి, బంజారా. పుస్తకాలు అచ్చయింది తెలుగు లిపిలోనే. అంటే మాట వాళ్లది, రాత మనది. అందుకే నా విద్యార్థిని ఆ కువి మాట రాయగలిగింది. వేరే కీబోర్డు అక్కర్లేదు, వేరే ఫాంట్ అక్కర్లేదు. తెలుగు వచ్చిన యంత్రంలో కువి కూడా వచ్చేసినట్టే. తెలుగు రాని యంత్రంలో కువి అసలే రాదు. ఆ ఖాళీ డబ్బాలు ఆ రోజు ఒక్క భాషను కాదు, మా గదిలో ఉన్న భాషలన్నిటినీ మూసేశాయి.

ఆ పాప కోడి అని రాసిన రోజు తరవాత పిల్లలు ఇళ్ల నుంచి మాటలు తేవడం మొదలుపెట్టారు. సెలవులకు ఇళ్లకు వెళ్లి అవ్వల్ని, తాతల్ని అడిగి రాసుకొచ్చారు. చోళ్ల పేర్లు, సామల పేర్లు, గొడ్డు మెడలో కట్టే కర్ర గంట పేరు, థింసా ఆటలో వేసే అడుగుల పేర్లు, పొడుపు కథలు. రెండు నోటు పుస్తకాలు నిండాయి. అవన్నీ ఒక ఫైల్లోకి ఎక్కించాం. ఫార్చ్యూన్ అని పాత యూనిక్స్ కాలం నాటి చిన్న ప్రోగ్రామ్ ఉంది. మనం ఇచ్చిన ఫైల్లోంచి ఎప్పటికప్పుడు ఏదో ఒక మాట ఏరి తెస్తుంది. దాన్ని ఆవుకు కలిపాం. ఇప్పుడు పొద్దున కంప్యూటర్ తెరవగానే ఆవు వచ్చి ఒక మాట చెబుతుంది. ఒక రోజు తెలుగు, ఒక రోజు కువి, ఒక రోజు ఆదివాసీ ఒడియా. ఏ మాట వస్తుందో ముందు ఎవరికీ తెలియదు. ఎవరి మాట వస్తే ఆ రోజు వాళ్లు లేచి మిగతావాళ్లకు అర్థం చెప్పాలి. ఆ మాట్లాడని పాప ఇప్పుడు వారానికి రెండుమూడు సార్లయినా లేచి మాట్లాడుతోంది.

ఒక తాత మా బడికి మనవణ్ణి చూడటానికి వచ్చి ఇదంతా చూశాడు. ఆవు వచ్చింది, మాట చెప్పింది, పోయింది. చదువు రాదు కనుక మనవడు చదివి వినిపించాడు. తాత కాసేపు ఆలోచించి, "పాలు పితుకుతారేటి బాబూ దీన్ని?" అని అడిగాడు. లేదు తాతా అన్నాను. "మంచిది" అన్నాడు. ఈ కొండల్లో పాతకాలం వాళ్లు ఆవు పాలు పితికేవాళ్లు కాదు. పాలు దూడవని వాళ్ల నమ్మకం. ఆవు చేలో పనికి, దూడ పెరగడానికి. తాత ఆ లెక్కలోనే అడిగాడు.

ఒక తప్పు కూడా జరిగింది. దాన్నీ చెప్పాలి. గదిలో కంప్యూటర్లన్నీ ఒక తీగతో కలిపి ఉన్నాయి. ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదాని తెర మీదికి ఆవును పంపడం పెద్ద పిల్లలు నేర్చుకున్నారు. మొదట్లో సరదాగానే ఉంది. ఒకరోజు ఒక పిల్లాడి తెర మీద వాడి కులాన్ని కించపరిచే మాట వచ్చింది. పంపినది ఎవరో తెలియదు. వాడు కంప్యూటర్ ఆపేసి బయటికెళ్లి కూర్చున్నాడు. ఆ రోజు పాఠం ఆపేసి మళ్లీ బారిక గురించే మాట్లాడుకున్నాం. బారిక వీధిలో నడుస్తూ చెబుతాడు. మొహం అందరికీ కనపడుతుంది, గొంతు అందరికీ తెలుసు. చాటున ఉండి చెప్పేవాడు బారిక కాడు. అందుకని ఒక నియమం పెట్టుకున్నాం. ఇంకో తెరకు పంపే ఏ మాటకైనా చివర పంపినవాళ్ల పేరు ఉండాలి. పేరు లేకుండా పోకుండా కమాండ్‌నే అలా మార్చాం. ఆ చిన్న మార్పు రాసింది తొమ్మిదో తరగతి అమ్మాయి. ఎవరి కంప్యూటర్ నుంచి పంపితే వాళ్ల పేరు దానంతటదే వచ్చి చేరుతుంది. బయటికెళ్లిన ఆ పిల్లాడు తిరిగి వచ్చాడు.

మిగతా ఉపయోగాలు క్లుప్తంగా చెబుతాను, మీలో లినక్స్ వాడేవాళ్లకు పనికొస్తాయి. పెద్ద ఫైలు కాపీ అవుతున్నప్పుడు, ఆ కమాండ్ చివర ఆవును తగిలిస్తే పని అయిపోగానే వచ్చి చెబుతుంది. తెర ముందు కాపలా కూర్చోనక్కర్లేదు. క్రాన్ అనే సదుపాయంతో వేళ కట్టి పెడితే ఫలానా గంటకు వచ్చి మంచినీళ్లు తాగమనో, గంట కొట్టే వేళైందనో గుర్తుచేస్తుంది. ఆవు వద్దనుకుంటే మీకు నచ్చిన బొమ్మ పెట్టుకోవచ్చు. మా పిల్లలు తమ చేత్తో గీసి, ఫోనుతో ఫోటో తీసి, మెడలో కర్ర గంట ఉన్న కొండ ఎద్దును పెట్టారు. వీటిలో వేటికీ ఇంటర్నెట్ అక్కర్లేదు. వానాకాలంలో సిగ్నల్ పోయినా, కరెంటు ఉంటే ఎద్దు వస్తుంది.

ఈ ప్రసంగం వింటున్నవారిలో ఉపాధ్యాయులు ఉంటారు. బళ్లకు, హాస్టళ్లకు కంప్యూటర్లు దానం ఇచ్చే పెద్దమనసు ఉన్నవారూ ఉంటారు. మీకు ఒక్కటే మనవి. రేపు మీ దగ్గరున్న ఒక కంప్యూటర్ తెరిచి అందులో "స్త్రీ" అని తెలుగులో కొట్టి చూడండి. ఒక్క అక్షరంగా వచ్చిందా, సంతోషం. డబ్బాలు వచ్చాయా, దాన్ని పిల్లల ముందు పెట్టకముందే ఒక తెలుగు ఫాంట్ వెయ్యండి. డబ్బు ఖర్చు లేదు, పెన్‌డ్రైవ్‌లో ఒక మూలన పడుతుంది, ఎక్కించడానికి ఐదు నిమిషాలు చాలు. తరవాత పిల్లల్ని పిలిచి, ఆవును మీ ఇంట్లో ఏమంటారో రాయమని అడగండి.